వారం కిస్తీ అప్పు పేదవాళ్లకు ఆసరానా, భారమా?

పద్దుపుస్తకం: మైక్రోఫైనాన్స్, అంటే తాకట్టు లేకుండా గ్రూపు హామీ మీద పేదవాళ్లకిచ్చే చిన్న అప్పు, వడ్డీ వ్యాపారమేనని, మూసేయాలని ఇక్కడ ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. అలాంటి కంపెనీ తరఫున నాలుగేళ్లు ఊళ్లు తిరిగి కలెక్షన్ చేసినవాణ్ణి. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని ఆడవాళ్లకు ఏ బ్యాంకు అప్పిచ్చింది? ఊళ్లో వడ్డీవ్యాపారి దగ్గర నెలకు నూటికి ఐదు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 60 శాతం. 2011లో రిజర్వ్ బ్యాంకు మా వడ్డీకి అప్పట్లో పెట్టిన గరిష్ఠం 26 శాతం. ఏది నయం?

చిన్నక్క: వడ్డీ సంగతి కాదండీ. మా అమ్మ కూలికి వెళ్లేది. ముసురు పడితే వారమంతా పని ఉండదు, కానీ మంగళవారం పొద్దున్నే కిస్తీ కట్టే గ్రూపు మీటింగు మాత్రం ఆగదు. సోమవారం రాత్రి నాలుగిళ్లు తిరిగి చేబదులు అడిగేది. ఒకసారి ఇత్తడి బిందె కొంగు కప్పుకుని తీసుకెళ్లి, ఖాళీ చేతులతో వచ్చింది. నాకు ఆ బిందె ఇప్పటికీ గుర్తే.

పద్దుపుస్తకం: మీ బాధ అర్థమైంది, కానీ 26కీ 60కీ తేడా ఉందా లేదా?

వేపచెట్టు: హైదరాబాద్‌లో 104 బస్తీల్లో జరిగిన అధ్యయనం 2015లో అచ్చయింది. అప్పు అందుబాటులోకి వచ్చిన చోట ఉన్న వ్యాపారాల్లో పెట్టుబడి పెరిగింది, ఇంటి ఖర్చు స్థాయి మాత్రం పెద్దగా మారలేదు.

చిన్నక్క: ఈ వారం కిస్తీ బాధకే ఆంధ్రప్రదేశ్ 2010 చట్టం కిస్తీ నెలకోసారి అంది, ఇంటి గుమ్మం దగ్గర కాదు, పంచాయతీ ఆఫీసు దగ్గర కట్టించుకోమంది.

పద్దుపుస్తకం: దానితో వసూళ్లు కుప్పకూలాయి, కొత్త అప్పులు ఆగిపోయాయి. నేను తిరిగిన ఊళ్లలో జనం మళ్లీ ఐదు రూపాయల వడ్డీకే పోయారు. అయినా అడుగుతున్నా, మీ అమ్మగారు అప్పు దేనికి తీసుకున్నారు?

చిన్నక్క: ఫారంలో కుట్టుమిషన్ అని రాశారు. డబ్బు నాన్న ఆపరేషన్‌కి పోయింది.

పద్దుపుస్తకం: అంటే అబద్ధం రాశారన్నమాట. రాబడి రాని పనికి వాడి, కట్టలేకపోయామని మమ్మల్ని అంటే ఎలా?

చిన్నక్క: నోరు జాగ్రత్త! జబ్బుకి అప్పిచ్చే కాగితం మీ దగ్గర ఉందా? కుట్టుమిషన్ అని రాయమని చెప్పిందే మీలాంటి ఆఫీసరు. ఒక వారం అమ్మ కట్టలేకపోతే గ్రూపులో మిగతా వాళ్లు వేసుకుని కట్టారు. ఆ తర్వాత పక్కింటి పిన్ని మా అమ్మతో ఏడాది మాట్లాడలేదు.

ఈతముల్లు: ఇద్దరూ కాస్త తగ్గండి.

పద్దుపుస్తకం: చెల్లెమ్మా, ఆ మాట అనకుండా ఉండాల్సింది, క్షమించు. ఒకసారి నేనే ఒకరి అరుగు మీద సాయంత్రం దాకా కూర్చున్నాను. లోపల పిల్ల జ్వరంతో మూలుగుతోంది. బాకీ ఉంటే నా ఇన్సెంటివ్ పోతుందని లేవలేదు. అయినా అప్పు దొరకాలనే అంటాను.

చిన్నక్క: అప్పు వద్దని నేనెప్పుడన్నానండీ? కూలి దొరకని వారం కిస్తీ ఆపుకునే వీలుండాలి, పక్కింటావిడ చేత అడిగించకూడదు. ఒప్పుకుంటారా?

పద్దుపుస్తకం: ఆపుకునే వీలు సరే. గ్రూపు హామీ తీసేస్తే మాత్రం తాకట్టు లేని మనిషికి ఎవరిస్తారు? అది నేను ఒప్పుకోలేను.

చిన్నక్క: నా గొడవంతా దాని గురించేనండీ.