పీఆర్ ఏజెన్సీ తెచ్చిన ఎంక్వైరీలను వడపోయాల్సింది ఎవరు?

కొత్తకాపు:
మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. గోదాముల్లో సరుకు లెక్కలు చూసే ప్రోగ్రాం అమ్ముతాం. ఆరు నెలలుగా, వార్తల్లో మా పేరు వచ్చేలా చూసే ఒక పీఆర్ ఏజెన్సీకి నెలనెలా రిటైనర్ (ఫలితంతో సంబంధం లేని స్థిరమైన ఫీజు) కడుతున్నాం. వార్తలు బాగానే వచ్చాయి, వాటి వల్ల వెబ్‌సైట్‌కు 140 ఎంక్వైరీలు కూడా వచ్చాయి. మా సేల్స్ వాళ్లు చూసి, పనికొచ్చేవి తొమ్మిదే అన్నారు. మిగతావాళ్లు ప్రాజెక్టు కోసం సమాచారం అడిగే విద్యార్థులు, ఉద్యోగం అడిగేవాళ్లు, మాకే ఏదో అమ్మాలని చూసేవాళ్లు. కాస్త వడపోసి పంపమంటే "అది మా పని కాదు" అంటోంది ఏజెన్సీ. ఒప్పందం పొడిగించాలో వద్దో ఈ వారంలో తేల్చాలి. ఇకమీదట లీడ్‌కు, అంటే కొనేలా కనిపించే ఒక్కో ఎంక్వైరీకి, ఇంత అని లెక్కకట్టి ఇస్తానంటే తప్పా?

ప్రెస్‌నోట్:
తప్పే. పదేళ్లు విలేకరిగా చేసి పీఆర్ వైపు వచ్చినవాడిగా చెబుతున్నా. వార్త మీ ప్రకటన కాదు. ఎవరు చదవాలో, చదివి ఎవరు ఫోన్ చేయాలో మా చేతిలో ఉండదు. 1906లో అమెరికాలో రైలు ప్రమాదం జరిగితే, ఆ రైల్వే తరఫున ఐవీ లీ అనే ప్రచార సలహాదారు సంగతి దాచకుండా ప్రకటన రాసి విలేకరులకు ఇచ్చాడు. మా వృత్తిలో మొదటి ప్రెస్ రిలీజ్ అదేనంటారు. దానివల్ల ఎన్ని టికెట్లు అమ్ముడుపోయాయని ఆ రైల్వే లెక్క అడిగి ఉంటుందా? నమ్మకం కోసం పెట్టుకున్న మనిషికి తలకింత అని కూలి కడితే ఏం చేస్తాడు? తలలు తెస్తాడు. ఏదో ఉచితం అని ప్రకటిస్తే 140 కాదు, 1,400 ఎంక్వైరీలు వస్తాయి. అప్పుడు వడపోసుకోండి.

హలోహలో:
ఆ 1,400 మందికి ఫోన్ చేసేది మాత్రం మీరు కాదు కదండీ. ఆ పని మూడేళ్లు చేశాను. పొద్దున ఎంక్వైరీల షీట్ ఒకటి ఇచ్చేవారు, సాయంత్రానికి అందరికీ కాల్స్ అయిపోవాలి. సగం మంది "మీరెవరు?" అనేవారు. ఒకాయన పొరపాటున బటన్ నొక్కానని చెప్పి, నన్నే తిట్టి పెట్టేశాడు. నెలాఖరుకు "లీడ్స్ బాగానే ఉన్నాయి, నీ మాటతీరే బాలేదు" అని నా ఇన్సెంటివ్ కోసేశారు. పంపినవాళ్లకు మాత్రం రిటైనర్ పూర్తిగా అందింది.

ఐబీఎం వాళ్ల నుంచి వచ్చిందని చెప్పే పాత పద్ధతి ఒకటుంది: డబ్బు ఉందా, నిర్ణయం తీసుకునేది ఈ మనిషేనా, అవసరం ఉందా, ఎప్పటిలోగా కావాలి. అందులో కనీసం రెండు ప్రశ్నలు అడిగాకే షీట్ మాకు పంపాలి. ఏజెన్సీకి అదేమంత భారం?

నిమిషాలముల్లు:
కొత్తకాపు గారూ, ఒక్కటే ప్రశ్న. ఎంక్వైరీ వచ్చిన ఎంతసేపటికి ఫోన్ చేస్తున్నారు?

దారినపోయే:
ఏజెన్సీ ఇచ్చే రిపోర్టులో "ఇదే చోటు ప్రకటనగా కొంటే ఇంత అయ్యేది" అని ఒక పెద్ద అంకె ఉంటుంది చూడండి. ఉంటే వదిలేయండి వాళ్లను.

కొత్తకాపు:
ఉంది. మేం కట్టినదానికి పన్నెండు రెట్లు విలువ వచ్చిందని మొదటి పేజీలోనే వేశారు.

ప్రెస్‌నోట్:
ఆ లెక్క నాకూ నచ్చదు. ప్రకటన ఖర్చు పీఆర్ విలువ కాదని 2010లో బార్సిలోనాలో మా రంగంవాళ్లే సూత్రాలు రాసుకున్నారు. వాపును చూసి బలుపనుకోవడమే అది. కానీ ఆ అంకె తీసేసి రిపోర్టు పంపితే "మొదటి పేజీ ఏది?" అని అడిగేది క్లయింటే. నాకు రెండుసార్లు జరిగింది.

నిమిషాలముల్లు:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. 2,241 అమెరికా కంపెనీలను పరీక్షించిన ఫలితాలు 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చాయి. గంటలోపు స్పందించినవి 37 శాతం. అసలు స్పందించనివి 23 శాతం. అదే వ్యాసంలో చెప్పిన మరో అధ్యయనం ప్రకారం, గంటలోపే ప్రయత్నించినవాళ్లకు నిర్ణయం తీసుకునే మనిషితో సరిగా మాట్లాడే అవకాశం, ఇంకో గంట ఆలస్యం చేసినవాళ్లకంటే దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. అందుకే అడుగుతున్నా. ఎంతసేపటికి?

హలోహలో:
ఎంత త్వరగా చేసినా విద్యార్థి విద్యార్థేగా! గంటలో చేస్తే గోదాము యజమాని అయిపోతాడా?

ప్రెస్‌నోట్:
ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మీ వాదన. నా క్లయింట్ ఒకరి మీద వచ్చిన వ్యాసం చదివిన మనిషి, ఐదు నెలల తర్వాత కంపెనీ పేరు గుర్తొచ్చి సెర్చ్‌లో కొట్టి, ఫోన్ చేసి కొన్నాడు. వ్యాసం సంగతి ఆయనే ఫోన్‌లో చెప్పాడట. షీట్‌లో ఏం రాశారు? "సేల్స్ సొంత కృషి." వారం తర్వాత మా ఒప్పందం రద్దయింది. లీడ్ చెడ్డదైతే ఏజెన్సీది, మంచిదైతే సేల్స్‌ది. బాగుంది!

హలోహలో:
మద్దెల నేను వాయించలేదండీ, నా వీపు మీద వాయించారు. మీకు పోయింది ఒక క్లయింట్. నాకు పోయింది జీతంలో భాగం.

కొత్తకాపు:
మీ గొడవలో నన్ను మర్చిపోయారు. పైగా ఈయన నిమిషాలు అడుగుతూ నన్నే దోషిని చేస్తున్నారు. సరే, చెబుతా. శుక్రవారం. వారమంతా వచ్చినవి కలిపి శుక్రవారం చూస్తారు. మా వాళ్లు ఇద్దరే. సొంతంగా పట్టుకొచ్చిన పార్టీలకైతే పూర్తి కమిషన్, వెబ్‌సైట్ నుంచి వచ్చినవాటికి సగమే. కాబట్టి మిగతా రోజుల్లో బయట తిరుగుతారు. మీరైతే తిరగరా?

నిమిషాలముల్లు:
శుక్రవారమా!

హలోహలో:
ఆగండి. తొమ్మిదే పనికొస్తాయని తేల్చింది ఆ ఇద్దరేనా? సగం కమిషన్ వచ్చే లీడ్‌ను బాగుందని వాళ్లెందుకు రాస్తారు? నేను ఇంతసేపూ ఏజెన్సీని తిట్టాను కానీ, ఈ షీట్‌ను నేనూ నమ్మను. ఆ 131 మందిలో ఎంతమందితో మాట్లాడారు, ఎంతమందిని ఈమెయిల్ చూసే కొట్టేశారు?

కొత్తకాపు:
ఇప్పుడే చూశా. 40 మంది పక్కన "ఎత్తలేదు" అని ఉంది. ఒక్కసారే చేశారు.

ప్రెస్‌నోట్:
అసలు ఒప్పందంలో ఏం రాసుకున్నారు?

కొత్తకాపు:
"కంపెనీకి తగిన ప్రచారం." అంతే. నవ్వకండి. ఏజెన్సీని పెడదామన్నది నా పార్ట్‌నర్. పెట్టుబడి పెట్టేవాళ్ల దగ్గరికి వెళ్లేసరికి పేపర్లో నాలుగుసార్లు పేరు రావాలని ఆయన పట్టుదల. నాకు ఆ పెట్టుబడే వద్దు, అమ్మకాలతోనే నడపాలని నా ఉద్దేశం. ఏడాదిగా ఇదే గొడవ. లీడ్లు రాలేదని తేలితే ఏజెన్సీతోపాటు ఆ పెట్టుబడి మాట కూడా ఆగుతుందనుకున్నా.

ప్రెస్‌నోట్:
మరి ఏజెన్సీ ఎవరి మాట వింది?

కొత్తకాపు:
ఇద్దరిదీ. విడివిడిగా.

దారినపోయే:
ఏజెన్సీని వదిలేయమన్న నా సలహా వెనక్కి తీసుకుంటున్నా.

నిమిషాలముల్లు:
ఒప్పందం మాట తర్వాత. ఎత్తనివాళ్లలో పది మందికి రేపు పొద్దున ఫోన్ చేయించండి. ఆ ఇద్దరితో మాత్రం వద్దు.

కొత్తకాపు:
నేనే చేస్తా.

హలోహలో:
విద్యార్థి ఎత్తితే విసుక్కోకండి. వాళ్ల నాన్నకు గోదాము ఉందేమో అడగండి.