మొగలితుర్రా, మొగల్తూరా?

రెండ్రోజులుగా బుర్ర తొలిచేస్తోంది. బారిస్టర్ పార్వతీశం స్వగ్రామం "మొగలితుర్రు" అని చదివినట్టే నాకు గుర్తు. మా వాడేమో మొగల్తూరు తప్ప అలాంటి ఊరే లేదంటాడు. ఆ తుర్రు నేను కల్పించుకున్నదా, మొక్కపాటి వారిదేనా? నా పుస్తకం ఎవరో పట్టుకెళ్లారు, ఇక రాదు.

— తుర్రే. తూరు ఇప్పటి బోర్డుల మీద మాట. అయినా మొగల్తూరు నుంచి బయల్దేరితే ఏం నవ్వొస్తుందండీ? మొగలితుర్రు నుంచి లండనుకి తుర్రుమన్నాడు! మొక్కపాటి వారు ఏరికోరి ఆ ఊరు పెట్టింది అందుకేనని నా గట్టి నమ్మకం.

— తుర్రుమనడం బాగుంది మాస్టారూ, కానీ ఆ పేరు నవల కంటే ముందునుంచీ ఉన్నదే. అసలు గొడవ తుర్రు దగ్గర కాదు, "లి" దగ్గర. మొగలి పొదల ఊరు కాబట్టి మొగలి. ఆ ఇకారం జారిపోయి మొగల్ అయ్యేసరికి జనం ఢిల్లీ నుంచి మొగలాయీలను లాక్కొచ్చి కథలల్లారు. సముద్రం పక్క ఇసక నేలలో మొగలి పొదలకేం కొదవ?

— "లి" ఒప్పుకున్నాం, మరి తుర్రో? దిగమర్రులో మర్రు, కాకరపర్రులో పర్రు ఉన్నట్టు ఇదీ నేల తీరు చెప్పే మాటే అయ్యుండాలి. అన్నట్టు, అక్కడ రాయాల్సింది బండి ర.

— ఏ శాసనంలో చూశారండీ? ఊహలకు బండి కట్టకండి.

— పేరు ఎలా రాస్తేనేం, నిడదవోలులో రైలెక్కినా, మద్రాసులో ఆడవాళ్ల టోపీ కొనుక్కున్నా, ఎడింబరోలో చదివినా ఆ మనిషి మొగలితుర్రు దాటి అడుగు బయట పెట్టలేదు, 1924లో వచ్చిన మొదటి భాగం ఇవాళ్టికీ నవ్విస్తోందంటే కారణం అదే. కాకపోతే ఊళ్ల మీద వెటకారానికి శ్రీనాథుడి తర్వాతే ఎవరైనా. పల్నాడు వెళ్తే "రంభయైన నేకులె వడకున్" అన్నాడు, రంభ చేత దూది ఏకులు వడికించాడు మహానుభావుడు!

— మేం నేర్చుకున్నది "ఏకులే". రంభ అయినా సరే ఏకులే, అని ఒత్తి పలికితేనే అందం.

— ఒత్తితే కందం కుంటుతుంది. "నేకులె" నాలుగు మాత్రలు, "లే" అంటే ఐదు. మీకు అంతగా దీర్ఘం కావాలంటే నాలుగో పాదంలో "జొన్నకూడే కుడుచున్" ఉంది, అక్కడ "డే" తగ్గిస్తే మూడే మాత్రలు మిగులుతాయి. ఒకే పద్యంలో ఒకచోట కుదించి, ఇంకోచోట సాగదీశాడు, చూశారా!

— మా గురువుగారు రెండూ సాగదీసే పాడేవారు. ఆయనకి కందం రాదంటారా?

— రాగంలో ఏదైనా సాగుతుంది లెండి.

— అయ్యా, నా తుర్రు సంగతి? పాత ప్రతి ఎవరి దగ్గరైనా ఉందా?

— నా దగ్గర ఉంది, మూడో భాగం. పనికొస్తుందా?

— ఒక్క నిమిషం. ఆ కందం శ్రీనాథుడిదని ఎవరు తేల్చారు? తల్లీతండ్రీ లేని చాటువులన్నీ ఆయన ఖాతాలో వేసేయడం మనకు అలవాటైపోయింది.

— ఆయనది కాకపోతే మరెవరిది? పల్నాడు మీద అంత కడుపుమంట ఇంకెవరికి ఉంటుంది?

— అక్కడికి అల్లుడిగా వెళ్లిన ఎవరికైనా.