హంబన్‌తోట: చైనా ఉచ్చా, లంక స్వయంకృతమా?

పాలమూరు పోరడు:
చైనా అప్పుతో కట్టిన హంబన్‌తోట ఓడరేవును శ్రీలంక 2017లో 99 ఏళ్ల లీజుకు చైనా కంపెనీకి రాసిచ్చింది. అప్పిచ్చి దేశాన్ని గుప్పిట్లో పెట్టుకోవడం కాక ఇదేమిటి? మా దిక్కు ముసలోళ్లను అడగండి. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుంటే వాడు చెప్పిన డ్యాం పనికి పోవాల్సిందే, వాడు వదిలినప్పుడే ఇంటికి రావాలి. చైనా ఆ మేస్త్రీయే.

నల్లగొండ సార్:
తమ్మీ, పోలిక బాగుంది గానీ లెక్క కుదరదు. లీజుకు వచ్చిన 112 కోట్ల డాలర్లు చైనా బాకీకి జమ కాలేదు, విదేశీ మారక నిల్వల్లోకి పోయాయి. రేవు అప్పు లంక నెత్తినే మిగిలింది. 2022 ఏప్రిల్‌లో అప్పులు కట్టలేనని లంక చేతులెత్తేసే నాటికి విదేశీ బాకీలో పెద్ద వాటా అంతర్జాతీయ మార్కెట్లో అమ్మిన బాండ్లది, చైనాది కాదు. రేవు అక్కడే ఎందుకు కట్టారంటారా? అది అప్పటి అధ్యక్షుడు మహింద రాజపక్స సొంత జిల్లా. ఇలాంటివి మనకు తెలియనివా!

పాలమూరు పోరడు:
రేవు అప్పు ఆయన హయాంలోదే, ఒప్పుకుంటా సార్. ఓడలు రాని రేవుకు 6.3 శాతం వడ్డీకి అప్పిచ్చినవాళ్లు అంత అమాయకులా? 2022 ఆగస్టులో మన దేశం అభ్యంతరం చెప్పినా చైనా నిఘా ఓడ యువాన్ వాంగ్ 5 వచ్చి ఆగింది ఆ రేవులోనే.

మిర్యాలగూడ రైతు:
మీరిద్దరూ రేవు దాటి రావడం లేదు. అప్పు కోసం అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) గడప తొక్కిన లంక 2023 ఫిబ్రవరిలో కరెంటు చార్జీలు 66 శాతం పెంచింది, మార్చిలో దాదాపు 300 కోట్ల డాలర్ల అప్పు మంజూరైంది. ఈ వరస మనకు కొత్తా? 1999లో విద్యుత్ సంస్కరణలకు ప్రపంచ బ్యాంకు అప్పు, 2000లో చార్జీల పెంపు, ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో నిరసనకారులపై పోలీసు కాల్పులు. షరతు రాసేవాడు ఓటు అడగడానికి మన ఊరికి రాడు. పెత్తనమంటే నాకు అదీ.

నల్లగొండ సార్:
అన్నా, పెట్రోల్ క్యూల్లో నిలబడ్డ జనానికి షరతు లేకుండా డాలర్లు ఎవరిస్తారు? 2004లో ఇక్కడ ఉచిత కరెంటు వచ్చిందిగా, ప్రపంచ బ్యాంకు ఆపగలిగిందా?

మిర్యాలగూడ రైతు:
మనది పెద్ద దేశం సార్, కుదరదని చెప్పగలిగాం. ఖజానా ఖాళీ అయినవాడు ఏం బేరమాడతాడు?

కల్వకుర్తి అక్క:
మనమూ పెద్దన్నలమే, ఆ మాట ఎవరూ ఎత్తరేం? 2015లో నేపాల్ కొత్త రాజ్యాంగం తెచ్చుకోగానే సరిహద్దులో ట్యాంకర్లు ఆగిపోయాయి. నేపాల్ దక్షిణ మైదానాల్లో ఉండే మధేశీల ఆందోళన వల్లేనని ఢిల్లీ అంది, దిగ్బంధమని ఖాట్మండు అంది. భూకంపం వచ్చిన ఏడాదే గ్యాస్ బండ దొరక్క కట్టెల పొయ్యి మీద వండుకున్నారు పాపం. 2016 మార్చిలో వాళ్లు పోయి చైనాతో రవాణా ఒప్పందం చేసుకున్నారు.

పాలమూరు పోరడు:
అక్కా, మనం ఎవరి దగ్గరా లీజులు రాయించుకోలేదు కదా.

కల్వకుర్తి అక్క:
ఎందుకు రాయించుకోలేదు? లంక తూర్పు తీరంలోని ట్రింకోమలీ చమురు ట్యాంకులు చూడు. 2022 జనవరిలో, లంక డాలర్ల కోసం అల్లాడుతున్నప్పుడే, ఇండియన్ ఆయిల్ అనుబంధ సంస్థకు 14 ట్యాంకులు, మరో 61 ట్యాంకులున్న ఉమ్మడి కంపెనీలో 49 శాతం వాటా వచ్చాయి. లీజు 50 ఏళ్లు.