ఎత్తున ఎగిరే వేట పక్షులను ఎలా గుర్తుపట్టాలి?

ప్రశ్న:
నమస్కారం. మెహదీపట్నంలో మా మేడ మీద నుంచి, ఎండ కాస్త ముదిరాక, రెక్కలు కదపకుండా సుడులు తిరిగే పక్షులను రోజూ చూస్తుంటాను. గండిపేట చెరువు వైపు వెళ్తే మరికొన్ని రకాలు కూడా కనిపిస్తున్నాయి. అంత ఎత్తున అన్నీ నల్లగానే ఉండటం వల్ల రంగును బట్టి పోల్చుకోలేకపోతున్నాను. అనుభవజ్ఞులు దేనిని ఆనవాలుగా తీసుకుంటారో, శీతాకాలంలో నగరానికి దగ్గరలో ఎక్కడికి వెళ్తే బాగుంటుందో దయచేసి తెలియజేయండి.

మొదటి సమాధానం:
రంగును వదిలేసి ముందు తోకను, ఆ తర్వాత ఎగిరే తీరును గమనించండి. మీ మేడ మీద తిరిగేవి దాదాపుగా నల్లగద్దలే. ఎండకు కాగిన రాతినేల నుంచీ కట్టడాల నుంచీ పైకి లేచే వేడిగాలి వాటిని మోస్తుంది కనుక రెక్క ఆడించే అవసరం ఉండదు. వాటి తోక చివర మధ్యలో నొక్కినట్టుంటుంది, మలుపు తిరిగేటప్పుడు పడవ చుక్కానిలా అటూ ఇటూ మెలిపడుతుంది. చెరువు మీద కనిపించే గరుడ పక్షి తోక చివర గుండ్రంగా ఉంటుంది. ఎదిగిన పక్షికి తలా రొమ్మూ తెలుపు, మిగతా ఒళ్లంతా ఇటుక రంగు. పిల్లపక్షి మాత్రం గోధుమ రంగులో ఉండి నల్లగద్దేమోనని భ్రమింపజేస్తుంది కాబట్టి, అప్పుడు తోక ఆకారమే నమ్మదగిన ఆధారం. జాలెడేగ వీటికన్నా చాలా చిన్నది. నాలుగైదుసార్లు గబగబా రెక్కలాడించి, కాస్త దూరం తేలుతూ, చెట్ల మధ్యకు దూసుకుపోతుంది. ఉడుతలూ పిట్టలూ ఒక్కసారిగా గోల పెడితే అది దగ్గరలో ఉందేమో వెతకండి.

రెండవ సమాధానం:
శీతాకాలంలో చెరువుల దగ్గర చేపల గద్ద కోసం చూడండి. కాళ్లు ముందుకు చాచి నీటిలోకి దూకి, పట్టిన చేపను తల ముందుకు వచ్చేలా తిప్పి మోసుకుపోతుంది. అయితే నా దృష్టిలో అంతకన్నా గొప్ప దృశ్యం వికారాబాద్ జిల్లా ఎన్కతల గడ్డి మైదానంలో ఉంది. మధ్య ఆసియా గడ్డిభూముల నుంచి వలస వచ్చే పిల్లిగద్దలు, రెక్కలను కొద్దిగా పైకెత్తి పట్టి, గడ్డి కొసలకు కాస్త పైగా మెల్లగా గాలిస్తూ తిరుగుతాయి. మగది బూడిద రంగు, ఆడది గోధుమ రంగు. ఆడదాని తోక మొదట్లో తెల్లని మచ్చ స్పష్టంగా కనిపిస్తుంది. మిడతలు, బల్లులు, చిన్న పిట్టలు వాటి ఆహారం. ఇవి రాత్రిపూట చెట్టెక్కవు, గడ్డిలో నేల మీదనే నిద్రిస్తాయి. ఇలాంటి నేలను బంజరుగా లెక్కగట్టి, చెట్లు నాటడానికో కట్టడాలకో ఇచ్చేయడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది, ఎందుకంటే గడ్డి పోతే వాటికి తిండీ పడకా రెండూ పోతాయి.

మూడవ సమాధానం:
చేవెళ్ల దారిలో కరెంటు తీగల మీద కూర్చునే అడవి రామదాసు అనే గద్దను కూడా చూడండి. తెల్లని పొట్ట, భుజాల మీద నలుపు, ఎర్రని కళ్లు. పొలం పైన ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, ఎలుక కనబడగానే కిందికి దిగుతుంది. 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం 42 మి.మీ.) సరిపోతుంది. సూర్యుణ్ణి వెనక ఉంచుకుని నిలబడితే, గీతలున్న పక్షులకు పొట్ట మీది గీతలు కూడా తెలుస్తాయి. పిల్లిగద్దలు నేల మీద నిద్రిస్తాయి కనుక, సాయంత్రం గడ్డిలోకి మాత్రం నడవకండి, బండి నడపకండి. పిల్లిగద్దలు నిద్రించే చోటు కచ్చితంగా తెలిసినా దానిని ఇక్కడ రాయవద్దని సభ్యులందరికీ మనవి.