అప్‌డేట్: మందు మానేశాక వ్యసనం గురించి చదవడం పనికొచ్చింది

మానేశాక సాయంత్రమైతే చాలు మనసు మందు మీదకే పోతోంది, వ్యసనం గురించి చదివితే అది తగ్గుతుందా, ఇంకా పెరుగుతుందా అని అడిగాను కదా. తగ్గింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

నాకు పనిచేసింది "యావ ఎలా పుడుతుందో చదువు" అన్న సలహా. అలవాటైన టైము, చోటు, వాసన తగలగానే మెదడు తాగడానికి ముందే సిద్ధమైపోతుందట. లొంగకుండా ఉంటే ఆ యావ అలలా లేచి, మామూలుగా అరగంటలోపే దిగిపోతుంది. అలన్ మార్లట్ అనే అమెరికన్ సైకాలజిస్టు చెప్పిన పద్ధతి ఇది. ఇప్పుడు వైన్స్ బోర్డు కనబడి నోరూరితే దానితో కుస్తీ పట్టను, గడియారం చూస్తూ నడుస్తా.

తాగిన రోజుల్ని వర్ణించే ఆత్మకథలు మాత్రం నాకు పడలేదు. గ్లాసులో ఐసు చప్పుడు దాకా రాస్తారు మహానుభావులు! తేనె, నిమ్మరసం చిట్కాతో తేడా ఏమీ లేదు.

సైకియాట్రిస్టు చదవమనే అన్నారు, కానీ తాగాలనే యావ తగ్గించడానికి ఇచ్చే నాల్ట్రెక్సోన్ మాత్ర ఆపొద్దన్నారు. రోజూ బాగా తాగేవాళ్లు ఏదో చదివి సొంతంగా ఒక్కసారే మానేయకండి, ఫిట్స్ రావచ్చు. ముందు డాక్టర్ని కలవండి. వ్యసన విముక్తికి ఉచిత హెల్ప్‌లైన్ 14446.