గుడ్డ టాపు మీద మరకలు: కడగాలా, రంగు వేయాలా?

సుధీర్ (ఇర్వింగ్):
నాది 2008 మాజ్దా ఎంఎక్స్-5, పైకప్పు మడిచి తెరవగలిగే కన్వర్టిబుల్ కారు. ఆ కప్పు నల్లటి గుడ్డ టాపు. అపార్ట్‌మెంటులో కప్పు ఉన్న పార్కింగ్ దొరకక వేసవంతా క్రేప్ మిర్టిల్ చెట్టు కింద పెట్టాను. టాపు మీద ఇప్పుడు రెండు రకాల మరకలున్నాయి. చెట్టు వైపు ఆవగింజంత మసి చుక్కలు, వేలు పెడితే జిగురుగా తగులుతున్నాయి. నడిమధ్యన గ్రాకిల్ పక్షుల రెట్టలు పడినచోట గోధుమ రంగుకు తిరిగిన గుండ్రటి మచ్చలు. గిన్నెలు కడిగే సబ్బుతో తోమితే చుక్కలు కొన్ని పోయాయి గానీ తెల్లటి చారలు తేలాయి. టాపులకు వేసే రంగు సీసాల్లో దొరుకుతోంది కదా, మొత్తం ఒక పూత వేసేస్తే సరిపోతుందా? అక్టోబరులోపు పని ముగియాలి.

మామిడితోట:
రంగు జోలికి వెళ్లకండి సుధీర్ గారూ. ఆ చెట్టుకు పేనుబంక పడుతుంది. అది ఆకుల రసం పీల్చి తియ్యటి బంక విసర్జిస్తుంది. ఆ బంక కింద ఏది ఉంటే దానిమీద రాలుతుంది, దానిమీద నల్లటి బూజు పెరుగుతుంది. మామిడికి తేనెమంచు పురుగు పట్టిన ఏడాది ఆకులకు వచ్చే మసి తెగులు ఇలాంటిదే. అంటే మీ గుడ్డ రంగు పోలేదు, పైన బూజు కూర్చుంది. గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి బ్రష్షు, గుడ్డ టాపుల కోసమే అమ్మే క్లీనరు చాలు. ఆ తెల్ల చారలు కూడా మరకలు కావు, నేతలో మిగిలిపోయిన సబ్బు. నురగ రావడం ఆగేదాకా నీళ్లు పోయండి. ప్రెషర్ వాషర్ మాత్రం దగ్గరకు తేవద్దు, నేత పోగులు లేచిపోతాయి, కుట్లు వదులవుతాయి.

రామ్‌మోహన్ (ఆస్టిన్):
బూజు సంగతి ఒప్పుకుంటాను. రెట్ట మచ్చల మాటేమిటి? రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. టెక్సాస్ ఎండలో అది గుడ్డ మీద ఎండి కూర్చున్నాక ఎంత కడిగినా ఛాయ మిగులుతుంది. అక్కడ రంగు తప్పదు. నా ముస్టాంగు కారు టాపుకు రెనోవో కంపెనీ రంగు నేనే వేశాను. ముందు శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అద్దానికీ బాడీ అంచులకూ టేపు అంటించి, నీడలో పల్చగా రెండు పూతలు. ఇప్పటికీ నల్లగానే ఉంది.

మామిడితోట:
మీ ముస్టాంగు టాపు ఏ గుడ్డ? అది చెప్పకుండా అందరికీ ఒకటే మందు చెబితే ఎలా? మసాచుసెట్స్‌లోని హార్ట్జ్ సంస్థ స్టేఫాస్ట్ లాంటి టాపుల్లో పైపొర అక్రిలిక్ నేత, మధ్యలో బ్యూటైల్ రబ్బరు, లోపల నూలు, పాలియెస్టర్ కలిసిన పొర. ఆ అక్రిలిక్ పోగు తీసేటప్పుడే ద్రవంలో రంగు కలిపేస్తారు. పోగు అడ్డంగా కోస్తే లోపల కూడా నలుపే. అలాంటి పోగు బయటి రంగును పీల్చుకోదు. మీరు వేసింది అద్దకం కాదు, పైపూత.

రామ్‌మోహన్ (ఆస్టిన్):
పైపూతో అద్దకమో, నిలిచింది కదా.

మామిడితోట:
నిలవడం వేరు, పట్టడం వేరు.

కిరణ్:
వెనిగరు, నీళ్లు సగం సగం కలిపి కొట్టి చూశారా ఎవరైనా?

రామ్‌మోహన్ (ఆస్టిన్):
కిరణ్ గారూ, ఇప్పుడు వెనిగరు ఎందుకు? మామిడితోట గారు పోగు గురించి పుస్తకం చదివినట్టు చెబుతున్నారు. ఒక్క టాపుకైనా స్వయంగా రంగు వేశారా అని అడుగుతున్నాను.

మామిడితోట:
వేయలేదు, వేయను. నా టాపు మీద పడిన రెట్ట తడి తువాలు కప్పి నానబెడితే మెత్తబడి వచ్చేసింది. రుద్దకుండా ఎత్తాలి, అంతే. ఆరాక ఫ్యాబ్రిక్ గార్డు స్ప్రే కొట్టాను, ఇప్పుడు నీటి బొట్లు తామరాకు మీద ఉన్నట్టు జారిపోతున్నాయి. రంగు పూతే ముందు వేస్తే కింద ఉన్న బూజు, సబ్బు, రెట్ట అన్నీ అందులో ఇరుక్కుంటాయి. తర్వాత తీయడం ఎవరి తరమూ కాదు.

శ్రీవాణి (హ్యూస్టన్):
ఆ మాట నిజమని నా కారు చెబుతుంది. ఒక వ్యక్తి దగ్గర తెల్ల కన్వర్టిబుల్ కొన్నాం. టాపు కొత్తదానిలా నిగనిగలాడింది. మొదటి పెద్ద వానకే రెండు తలుపుల మీదుగా నల్లటి నీళ్లు కారాయి. మా పాప గౌనుకు అంటిన నలుపు ఎన్ని ఉతుకులకూ పోలేదు. తర్వాత టాపులు బిగించే అతను చూసి, సరిగా కడగకుండా రంగు పూశారు, కింద ఎండకు పాడైన మచ్చలున్నాయి అన్నాడు. టాపు మార్చడానికి వెయ్యి డాలర్లు దాటింది. అమ్మినాయన ఫోను ఎత్తడం మానేశాడు.

రామ్‌మోహన్ (ఆస్టిన్):
అది పూసినవాడి తప్పు, రంగు తప్పు కాదు అమ్మా. తడి మీద పూసి ఉంటాడు, ఆరనిచ్చి ఉండడు.

శ్రీవాణి (హ్యూస్టన్):
రంగుది తప్పని నేను అననే లేదు. సుధీర్ గారూ, అక్టోబరులోపు అన్నారు. అక్టోబరులో ఏముంది?

సుధీర్ (ఇర్వింగ్):
కారు అమ్ముతున్నాను. ఉద్యోగం మారి న్యూజెర్సీలోని ఎడిసన్ వెళ్తున్నాం. ఇంజను వెనక చక్రాలను మాత్రమే తిప్పే ఈ చిన్న కారు అక్కడి మంచులో మాకు పనికిరాదు. మరకలతో ఫొటో పెడితే ధర సగానికి అడుగుతున్నారు.

శ్రీవాణి (హ్యూస్టన్):
అనుకున్నాను. అంటే ఇంతసేపూ మనం మాట్లాడింది మరకలు పోగొట్టడం గురించి కాదు, కొనేవాళ్లకు కనబడకుండా చేయడం గురించి.

రామ్‌మోహన్ (ఆస్టిన్):
ఇది అన్యాయం. ఇల్లు అమ్మేముందు సున్నం వేయించమా? అమ్మే వస్తువును చూడముచ్చటగా పెట్టడం మోసమా? యాజ్ ఈజ్, అంటే ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నామని కాగితం మీద రాసి ఇస్తాం. చూసుకోవలసిన బాధ్యత కొనేవాళ్లది. మీకు ఎవరో అన్యాయం చేశారని ఇక్కడున్న వాళ్లందరినీ దొంగలను చేయకండి.

శ్రీవాణి (హ్యూస్టన్):
సున్నం వేస్తే వేశారని ఎవరికైనా తెలుస్తుంది. టాపు రంగు కొత్తగా వేసినదని నాలాంటిదానికి ఎలా తెలుస్తుంది? మేము అడిగాం కూడా. టాపుకు ఏమైనా చేయించారా అంటే, లేదు అన్నాడు. మనవాడే కదా, తెలుగులో మాట్లాడాడు కదా అని ఇంకెవరికీ చూపించకుండా డబ్బిచ్చాం. అక్కడ నాకు బాధ, టాపు దగ్గర కాదు.

మామిడితోట:
శ్రీవాణి గారి మాటకు నేను తలవంచుతాను. కానీ రంగు పట్టదన్న నా మాట కూడా అలాగే ఉంది.

రామ్‌మోహన్ (ఆస్టిన్):
మళ్లీ అదేనా! సరే. సుధీర్, అడిగితే దాచవద్దు, అది నేనూ ఒప్పుకుంటాను. అడగకపోతే మనంతట మనం చెప్పనవసరం లేదు. ఇక్కడ నా మాట మారదు.

శ్రీవాణి (హ్యూస్టన్):
నా మాటా మారదు. అడగకపోయినా చెప్పాలి. రంగు సీసా ఫొటో కూడా ప్రకటనలో పెట్టాలి.

పద్మజ:
మీ వాదనలో ఎవరూ అడగలేదు కాబట్టి అడుగుతున్నాను. సుధీర్ గారూ, ఆ చెట్టు పువ్వులు, ఆకులు రాలి ఉంటాయి కదా. సీట్ల వెనక రెండు పక్కలా టాపు మీది నీళ్లు కిందికి దిగే గొట్టాలుంటాయి, చూశారా? అవి మూసుకుంటే నీళ్లు కారు లోపలికి వస్తాయి. కొనేవాళ్లకు మచ్చల కంటే అదే పెద్ద నష్టం. చెంబుతో కొద్దిగా పోసి, కారు కింద ధార పడుతోందో లేదో చూడండి.

సుధీర్ (ఇర్వింగ్):
అందరికీ ధన్యవాదాలు. తడి తువాలు వేసి నానబెట్టాను, రెట్ట మచ్చలు రెండు పూర్తిగా పోయాయి, మిగతావి పలచబడ్డాయి. మసి చుక్కలు క్లీనరుకు వచ్చేశాయి. రంగు సంగతి మా ఆవిడతో మాట్లాడి తేల్చుకుంటాను. పద్మజ గారూ, కుడి పక్క ధార పడింది, ఎడమ పక్క నీళ్లు నిలిచిపోయాయి. ఇనుప తీగ పెట్టి పొడవవచ్చా?

మామిడితోట:
ఇనుప తీగ వద్దు, గొట్టానికి చిల్లు పడుతుంది. పైన చేతికి అందే చెత్త ముందు తీసేయండి. తర్వాత మొన గుండ్రంగా ఉన్న నైలాన్ తీగ మెల్లగా తిప్పుతూ దింపండి. కారు వెనక చక్రం దగ్గర ఒకరిని కూర్చోబెట్టి చూడమనండి, బురద బయటికి వస్తే దారి తెరుచుకున్నట్టే.