ఇంట్లో చేసిన పాటలకు డబ్బు పెట్టి మాస్టరింగ్ చేయించాలా?

అందరికీ నమస్కారం. మా అమ్మ పాడే బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు కలిపి 5 పాటల ఆల్బమ్ తయారు చేశాను. గొంతు, డప్పు, హార్మోనియం, అంతే. రికార్డింగ్, మిక్సింగ్ (గొంతు, వాయిద్యాలను కలిపి సర్దడం) అన్నీ మా పడకగదిలోనే, రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో. బతుకమ్మ పండక్కి ముందే స్పాటిఫై, యూట్యూబ్‌లలో పెట్టాలని ఉంది.

ఒక స్టూడియోవాళ్లు మాస్టరింగ్‌కి, అంటే మిక్స్ అయిన పాటకు విడుదల ముందు దిద్దే చివరి మెరుగులకి, పాటకు రూ.3,000 అడుగుతున్నారు. మొత్తం 15,000. ఆ డబ్బుతో మంచి మైకే వస్తుంది. ఒక్క లౌడ్‌నెస్ కోసమైతే ఇవ్వక్కర్లేదనిపిస్తోంది. స్పాటిఫై ఎలాగూ పాటల్ని -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (లౌడ్‌నెస్ కొలత) దగ్గరికి సర్దేస్తుంది. లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపే టూల్) పెట్టి ట్రూ పీక్, అంటే శబ్దం చేరే గరిష్ఠ స్థాయి, -1 డీబీ దాటకుండా నేనే చూసుకోగలను.

నా బెంగంతా డప్పు గురించే. మంట దగ్గర కాచి బిగించిన డప్పు, హెడ్‌ఫోన్స్‌లో నిండుగా ఉంటుంది. కారులో వింటే అమ్మ గొంతును మింగేస్తోంది. ఫోన్ స్పీకర్‌లో అయితే సన్న పుల్ల చప్పుడు తప్ప డప్పే వినపడదు. గది గోడలకు ప్రతిధ్వని తగ్గించే ఏ ఏర్పాటూ లేదు కాబట్టి నేను వింటున్నది ఎంతవరకు నిజమో నమ్మకం కుదరడం లేదు. బయటివాళ్ల చెవి కావాలనిపిస్తున్నది అందుకే. కానీ మాస్టరింగ్ చేసేవాళ్ల చేతికి వెళ్లేది అన్నీ కలిసిపోయిన ఒక్క స్టీరియో ఫైలే కదా. అందులో గొంతును కదపకుండా డప్పును సరిచేయడం కుదురుతుందా? అమ్మ గొంతులోని జీర మాత్రం పోకూడదు.

జానపదాలు చేసినవాళ్లు దయచేసి చెప్పండి. ఆ డబ్బు మిక్స్ ఇంజనీర్‌కి ఇవ్వడమే మేలా? లేక ముందు ఒక్క పాట మాస్టర్ చేయించి చూడనా?